కొట్టానికి గృహప్రవేశం: పాత వ్యవసాయ కట్టడాల నివాస మార్పిడి

పాత ధాన్యపు కొట్లను, పశువుల కొట్టాలను నివాసగృహాలుగా మార్చుకొనడం పాశ్చాత్య దేశాలలో ఉత్తమాభిరుచికి గుర్తుగా పరిగణింపబడుతున్నది. ఎత్తైన కప్పు, నునుపు చేయని మోటు దూలాలు, అడ్డుగోడలు లేని విశాలమైన గది, మూరెడు మందం గోడలు నగరవాసిని ఆకర్షిస్తాయి. ఈ ఆకర్షణ తెలుగు నేలకు కూడా చేరినది. హైదరాబాదు చుట్టుపక్కల వెలసిన ఫామ్‌హౌస్‌లలో కూల్చిన పల్లె ఇళ్ల టేకు స్తంభాలు, గూనపెంకులు, తిరగలి రాళ్లు అలంకారాలుగా దర్శనమిస్తున్నాయి. ఎడ్లబండి చక్రం ప్రహరీగోడకు ఆనుకొని విశ్రమిస్తున్నది. దీనిని చూసి నవ్వుకొనవచ్చును గాని ఆ ఆకర్షణలో కొంత నిజం లేకపోలేదు. ఆ నిజమెంతో, దాని హద్దు ఎక్కడో తేల్చవలసిన బాధ్యత వాస్తుశిల్పుల కంటె వ్యవసాయ శాస్త్రజ్ఞులపైననే అధికంగా ఉన్నది. ఒక కొట్టం ఇల్లు కాకముందు ఏ పనికి వాడబడినదో, దాని నేలలో, గోడలలో ఏమేమి ఇంకినవో చెప్పగలిగినవారు వారే.

ఈ చర్చకు జల్‌పల్లి తగిన చోటు. పాతబస్తీ దక్షిణపు కొసన, చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం వెళ్లే రహదారికి చేరువలో, రంగారెడ్డి జిల్లా బాలాపూర్‌ మండలంలో ఉన్న ఈ ఊరు చెరువు చుట్టూ అల్లుకొన్న తెలంగాణ గ్రామాలలో ఒకటి. నేడు దానిని గ్రామమని పిలిచేవారు తక్కువ. ఒకవైపు పహాడీషరీఫ్‌, మరొకవైపు శంషాబాదు విమానాశ్రయం, నడుమ పరిశ్రమలు, గోదాములు, కిక్కిరిసిన కాలనీలు. పొరుగున ఉన్న బాలాపూర్‌ వినాయకుని లడ్డూ వేలం ఈ మార్పును మరే గణాంకం కంటెను బాగుగా తెలుపుతుంది. 1994లో ఆ లడ్డూ 450 రూపాయలకు పోయినది. దానిని పాడుకొన్న రైతు కుటుంబం ప్రసాదంలో కొంత తమ పొలంలో చల్లుకొన్నదని, ఆ ఏడు పంట బాగా పండినదని ఇప్పటికీ చెప్పుకొంటారు. 2024లో అదే లడ్డూ 30 లక్షల వెయ్యి రూపాయలు పలికినది. ఈ ముప్పై ఏళ్లలో లడ్డూ ధర పెరిగినది, దానిని చల్లుకొనే పొలం మాత్రం అరుదైపోయినది.

2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమై, బాహ్యవలయ రహదారి కూడా వచ్చిన తరువాత ఈ ప్రాంతంలో ఎకరం లెక్క పోయి గజం లెక్క వచ్చినది. భూమి ప్లాట్లయినది. పశువులు అమ్ముడుపోయినవి. కొట్టాలు మాత్రం అంత త్వరగా పోవు. నగరం అంచున పశువులు లేని కొట్టం ఏనాడూ ఖాళీగా ఉండదు. మొదట చొప్పకట్టల స్థానంలో సిమెంటు బస్తాలు చేరుతాయి. కొన్నాళ్లకు పాత ఇనుము, ప్లాస్టిక్‌ తుక్కు వస్తాయి. ఆ పిదప దూలానికీ దూలానికీ నడుమ నాలుగంగుళాల ఇటుక గోడలు లేస్తాయి. ఒక్కొక్క అంకణానికి ఒక్కొక్క కుటుంబం అద్దెకు దిగుతుంది. తలుపుకు మామిడితోరణం లేకపోయినా గృహప్రవేశం జరిగిపోతుంది. ధనికుని తోటలో కొట్టాన్ని పోలిన ఇల్లు కట్టబడుతున్న కాలంలోనే, కూలివాని బస్తీలో నిజమైన కొట్టానికి ఇల్లనే పేరు పెట్టబడుతున్నది. మొదటి దానిని గురించి రంగుల పత్రికలు వ్రాస్తాయి. రెండవ దానిని గురించి వ్రాసేవారు లేరు. జనం నివసిస్తున్నది మాత్రం ఎక్కువగా రెండవ దానిలోనే.

పాత కొట్టంలో మంచి ఏమున్నదో ముందు చూడవలెను. తెలంగాణ పల్లెలలో పూర్వం కట్టిన కొట్టానికి మట్టి గోడ, లేదా మట్టితో పేర్చిన రాతి గోడ ఉండేది. దాని మందం తరచుగా పదునెనిమిది అంగుళాలకు తగ్గదు. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి రాత్రికి 26, 27 డిగ్రీలకు దిగే హైదరాబాదు వంటి చోట అటువంటి గోడ ఎంతో మేలు చేస్తుంది. వెలుపలి ముఖాన పడిన వేడి లోపలి ముఖానికి చేరడానికి ఎనిమిది నుండి పన్నెండు గంటలు పడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ లోపలికి వచ్చే వేళకు రాత్రి చల్లబడి ఉంటుంది. కప్పు కింద వదిలిన సందుల గుండా వేడిగాలి పైకి పోతుంది. పాడిపశువు వేడికి తాళలేక పాలు తగ్గించునని ఎరిగిన రైతు, తన ఇంటి కంటెను ముందుగా కొట్టానికి గాలి దారిని ఆలోచించినాడు. అటకపై చొప్ప పేర్చడం కూడా వృథా కాదు. మూడడుగుల ఎండు చొప్పకు మించిన ఉష్ణనిరోధకం ఈనాటికీ చౌకగా దొరకదు. నగరవాసి కళ్లకు అందంగా కనిపించే ప్రతి అంశమూ ఇట్లు పశువుకో ధాన్యానికో సుఖం కలిగించడానికి పుట్టినదే.

మార్పిడిలో మొట్టమొదట నశించేది ఈ గుణమే. గూనపెంకుల కప్పును ఏటేటా సవరించవలెను. కోతులు పెంకులను పీకివేయడం మొదలైన తరువాత ఆ పని మరింత కష్టమైనది. అందువలన పెంకులు దించి రేకులు వేస్తారు. ఇనుప రేకు ఎండ తగిలిన నిమిషాలలో వేడెక్కి ఆ వేడిని సూటిగా కింద ఉన్నవారిపై ప్రసరింపజేస్తుంది. వాన పడినప్పుడు మాట వినబడదు. దొంగల భయంతో కప్పు కింది సందులు మూస్తారు. అడ్డుగోడలు లేచి గాలి ఒక కొస నుండి మరొక కొసకు పోయే దారి పోతుంది. మిగిలిన ఆ మట్టిగోడపై కూడ సిమెంటు పూత పడుతుంది. చార్మినారును 1591లో నిలబెట్టిన డంగు సున్నం గోడలోని తేమను వెలుపలికి పోనిస్తుంది. సిమెంటు పూత దానిని లోపలనే బంధిస్తుంది. రెండు మూడు వర్షాకాలాలలో గోడ అడుగు మెత్తబడి, పూత పొట్టవలె ఉబ్బి, ఒకనాడు పలకలు పలకలుగా ఊడిపడుతుంది. దోషం మట్టిదేనని యజమాని నిశ్చయించి గోడ కూలుస్తాడు.

పశువుల కొట్టం విషయంలో ఈ తేమకు మరొక కారణం కూడ ఉన్నది. ఇంజనీర్లు దానిని సాధారణంగా అడుగరు. నేల శాస్త్రం చదివినవారికి అది వెంటనే తోచవలెను. దశాబ్దాల తరబడి పశువుల మూత్రం ఇంకిన నేలలో సూక్ష్మజీవుల వలన యూరియా అమ్మోనియాగా, అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది. అది నేలలోని పొటాషియంతో, సున్నంతో కలిసి లవణాలుగా గోడలలోనికి ఎగబాకుతుంది. వీటిలో ఒకటి పెట్లుప్పు, అనగా సురేకారం. తుపాకిమందు కొరకు పూర్వం దీనిని ఇటువంటి మట్టి నుండియే తీసేవారు. పదిహేడు, పదునెనిమిదవ శతాబ్దాలలో ఐరోపా వర్తక కంపెనీలు బీహారు ప్రాంతం నుండి ఓడలకెత్తించిన ముఖ్యమైన సరుకులలో ఇది ఒకటి. ఇంగ్లండులోనైతే రాజు నియమించిన సురేకారపు పనివారికి ప్రజల గుర్రపుశాలల నేలను, పావురాల గూళ్ల అడుగును తవ్వుకొనే అధికారం ఉండేది. దానిని గురించి ప్రజలు చేసిన మొరలు ఆ దేశ చరిత్రలో ఒక చిన్న అధ్యాయం. అంతటి లవణసంపద ఉన్న నేలపై మంచం వేసుకొని పడుకొంటే కలిగే ఫలితం ఊహించడం కష్టం కాదు. ఈ లవణాలలో కొన్ని గాలిలోని తేమను పీల్చుకొని కరుగుతాయి. శ్రావణమాసంలో ఎక్కడా కారని గోడ తడిసిపోతుంది. మాఘమాసంలో అవే స్ఫటికాలై పూతను వెలుపలికి నెడతాయి. అద్దెకున్నవారు కప్పు కారుతున్నదని యజమానికి మొరపెట్టుకొంటారు. యజమాని మరొక బస్తా సిమెంటు పూయిస్తాడు.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. కొట్టం నేలను కనీసం ఒక అడుగు లోతు తవ్వి తీసివేసి, మొరం, కంకర నింపి, ఆపై తేమను నిరోధించే పొర వేసి గచ్చు చేయవలెను. తీసిన మట్టి వ్యర్థం కాదు. నత్రజని ఉన్న మట్టి గనుక, లవణ సాంద్రత చూసుకొని, పలుచగా పొలానికి తోలుకొనవచ్చును. గోడకు సున్నపు పూత మాత్రమే పూయవలెను. ఆ మొదటి పూతను రాలిపోవడానికే పూస్తున్నామని ముందే ఎరిగి ఉండవలెను. అది ఉప్పును పీల్చుకొని రాలిన తరువాత మరొకసారి పూస్తే నిలుస్తుంది. రెండుసార్లు పూయడానికి ఓపిక లేనివారు కొట్టాన్ని ఇల్లు చేయకపోవడమే మంచిది.

లవణాల కంటె ఎక్కువ జాగ్రత్త అవసరమైనవి మందుల అవశేషాలు. ధాన్యం బస్తాల చుట్టూ, గోడల మూలలలో బి.హెచ్.సి., డి.డి.టి. పొడులు చల్లడం ఒకప్పటి అలవాటు. డి.డి.టి.ని వ్యవసాయంలో వాడకుండా 1989లో నిషేధించినారు. బి.హెచ్.సి. 1997 వరకు అంగళ్లలో దొరికినది. ఈ ఆర్గానోక్లోరిన్‌ రసాయనాల స్వభావమే చిరకాలం నిలిచి ఉండడం. ఎండ, వాన తగలని మట్టిగోడలో, పగుళ్లిచ్చిన దూలంలో అవి మరింత నెమ్మదిగా విచ్ఛిన్నమవుతాయి. 1997కు ముందు ధాన్యం నిలువచేసిన కొట్టులో పసిపిల్లలు నేలపై పాకే ఇల్లు పెట్టదలచినప్పుడు ఈ ప్రశ్న అడుగక తప్పదు. చీడపట్టిన పాత దూలాన్ని రంపంతో కోసి బల్లగా చేసుకొనడం ఫామ్‌హౌస్‌ అభిరుచిలో ఒక భాగం. ఆ దూలం పొట్టుతో పిల్లలను ఆడుకొననీయకూడదు.

ప్రస్తుతం వాడుకలో ఉన్న అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లల సంగతి వేరు. వాటి నుండి వెలువడే ఫాస్ఫీన్‌ వాయువు గోడలలో నిలువదు. కొట్టును తెరచి గాలి ఆడనిస్తే కొద్ది రోజులలో పోతుంది. కాబట్టి పూర్వం బిళ్లలు వాడిన కొట్టు నేడు ప్రమాదకరం కాదు. ప్రమాదమంతా సగం మార్పిడిలో ఉన్నది. కొట్టంలో రెండు అంకణాలు అద్దెకిచ్చి మూడవ దానిలో ధాన్యమో దాణాయో నిలువ ఉంచడం, నడుమ గోడను కప్పు దాకా లేపకుండా ఆరడుగులకే ఆపివేయడం పేదల గదులలో సాధారణం. ఆ మూడవ అంకణంలో ఒక రాత్రి బిళ్లలు పెట్టినచో వాయువు గోడపై నుండి ఇవతలి గదిలోనికి దిగుతుంది. అది గాలి కంటె బరువైనది. నేలపై పడుకొన్నవారికే ముందుగా సోకుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. ఒకే కప్పు కింద నివాసం, ధాన్యం నిలువ రెండూ ఉండరాదనే ఒక్క నియమాన్ని పాటించినా ప్రాణాలు నిలుస్తాయి.

పశువ్యాధులను గురించి పశువైద్యులు చెప్పవలసినది చాల ఉన్నది. పేడ కలిసిన నేలలో ధనుర్వాత క్రిమి బీజాలు ఉండడం సహజం. దొమ్మరోగం బీజాలు మట్టిలో దశాబ్దాల పాటు బ్రతుకగలవు. ఒక కొట్టంలో పశువు హఠాత్తుగా, ముక్కు నుండి నోటి నుండి నల్లని నెత్తురు కారి మరణించిన సందర్భం ఎవరికైనా జ్ఞాపకముంటే ఆ నేలను తవ్వేముందు పశువైద్యుని సంప్రదించవలెను. ఊరి పెద్దలు జీవించి ఉన్నంతవరకే ఇటువంటి జ్ఞాపకాలు లభిస్తాయి. జల్‌పల్లి వంటి చోట్ల స్థలం చేతులు మారినప్పుడు ముందుగా పోయేది ఆ జ్ఞాపకమే.

మట్టి కొట్టాలతో పాటు రంగారెడ్డి జిల్లాలో విస్తారంగా ఉన్న మరొక వ్యవసాయ కట్టడం కోళ్ల షెడ్డు. దానికి కట్టుబడిలో ఒక సుగుణం ఉన్నది. సూర్యకిరణాలు లోపలికి సూటిగా పడకుండ దానిని తూర్పు పడమరలుగా పొడవుంచి కడతారు. ఇంటికి కూడ అదే శ్రేష్ఠమైన దిశ. అయితే షెడ్డుకు గోడలే లేవు. అడుగు, అడుగున్నర ఎత్తు పిట్టగోడ, దానిపై జాలీ, మీద సిమెంటు రేకు. దీనిని ఇల్లు చేయడమంటే కొత్తగా ఇల్లు కట్టడమే. ఇంగ్లండులో 2014 నుండి వ్యవసాయ భవనాలను పూర్తిస్థాయి ప్రణాళిక అనుమతి లేకుండ ఇళ్లుగా మార్చుకొనే సౌలభ్యం ఇచ్చినారు. మూడువైపులా తెరచి ఉన్న ఒక ఇనుప చట్రపు షెడ్డు విషయంలో 2016లో అక్కడి హైకోర్టు ఇటువంటి ప్రశ్ననే తేల్చినది. మార్పిడి వేరు, పునర్నిర్మాణం వేరు. ఉన్న కట్టడం ఇంటిని మోయలేనప్పుడు దానిని మార్పిడి అనడం తగదని ఆ తీర్పు సారాంశం. ఆ భేదం మనకు కూడ పనికివచ్చేదే. పైగా కోళ్ల షెడ్ల సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్‌ ఉంటుంది. అది క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ వర్గీకరించినది. కదలకుండ ఉన్న రేకు చేసే హాని తక్కువ. దానికి రంధ్రాలు చేసి ఫ్యానులు వ్రేలాడదీయడం, కోసి కిటికీ పెట్టడం వలన నూలుపోగుల కంటె సన్నని పీచు గాలిలో కలుస్తుంది. కోళ్లు ఆ రేకు కింద కొన్ని వారాలో, గ్రుడ్లు పెట్టేవైతే ఏడాదిన్నరో ఉంటాయి. మనుష్యులు ఏళ్ల తరబడి ఉంటారు. ఆ వ్యాధులు బయటపడడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది.

జల్‌పల్లిలో పశువులు పోయిన తరువాత కొట్టం మిగిలినది. పంట విలువ తగ్గుతూ పోతుండగా కట్టడం మాత్రం నిలిచిపోయిన సందర్భం చూడవలెనంటే కోస్తాకు వెళ్లవలెను. గుంటూరు నల్లరేగడిలో 1920ల నుండి వేళ్లూనుకొన్న వర్జీనియా పొగాకు సాగు తరువాత పశ్చిమ గోదావరి మెట్ట నేలలకు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు వ్యాపించినది. దానితో పాటే పొగాకు బ్యారన్లు లేచినవి. ఇటుకతో కట్టిన చదరపు గది, వెలుపల పొయ్యి, లోపల నేలపై పొగగొట్టాలు, అడుగున గాలి కన్నాలు, పైన మరికొన్ని, నడుమ ఆకు కట్టిన కర్రలు వ్రేలాడదీయడానికి అంతస్తులుగా వాసాలు. పచ్చని ఆకును మొదట 35 డిగ్రీల దరిదాపులలో పసుపెక్కించి, క్రమంగా 70 డిగ్రీల వరకు పెంచి వారం రోజులలో బంగారు రంగుకు తెచ్చే ఆ గది నిజానికి ఒక శాస్త్రీయ యంత్రం. 1976 జనవరి 1న ఏర్పడిన పొగాకు బోర్డు బ్యారన్‌ లెక్కన సాగు పరిమాణాన్ని అనుమతిస్తుంది గనుక ఆ నాలుగు గోడల విలువ వాటి ఇటుకల విలువ కంటె చాల ఎక్కువ. 2000-01లో పంట విరామం ప్రకటించినప్పుడు ఆ విలువ ఎంత చంచలమైనదో రైతులు చూచినారు. 2004లో భారతదేశం పొగాకు నియంత్రణపై అంతర్జాతీయ ఒడంబడికను ఆమోదించిన తరువాత ఆ గోడలకు దీర్ఘకాల భవిష్యత్తు లేదన్నది స్పష్టమే.

ఇంగ్లండులోని కెంట్‌ ప్రాంతంలో బీరుకు వాడే హాప్స్‌ పూలను ఆరబెట్టడానికి కట్టిన ఓస్ట్‌ హౌస్‌లకు సరిగ్గా ఇదే గతి పట్టినది. పొయ్యి, దానిపై ఆరబోసే అంతస్తు, గాలిని లాగే శంకువు వంటి కప్పు గల ఆ కట్టడాలు నేడు చాలవరకు ఇళ్లు. ఆ జిల్లాకు అవే గుర్తింపుచిహ్నాలు. మన బ్యారన్లకు ఆ గౌరవం దక్కునా అన్న ప్రశ్నకు దక్కగలదనియే చెప్పవలెను. ఇరువది అడుగుల ఎత్తున్న దళసరి ఇటుక గోడలో నడుమ ఒక అంతస్తు వేయవచ్చును. కింది, పై గాలి కన్నాలు వేసవిలో వేడిగాలిని తోడిపోసే చిమ్నీవలె పనిచేస్తాయి. కిటికీలు కొట్టేటప్పుడు మూలల జోలికి పోకుండ గోడ నడుమన, పైన కాంక్రీటు దూలం వేసి కొట్టవలెను. ఏళ్ల తరబడి పొగాకు ఆవిరులు పీల్చిన లోపలి పూతను పూర్తిగా గీకివేయవలెను. అక్కడి రైతు బ్యారన్‌ను వదలుకొనడానికి తగిన పరిహారం అడగడం న్యాయమే. ఆ పరిహారంతో పాటు, మిగిలిన గోడలను కుమారునికో కౌలుదారుకో గూడుగా మలచుకొనే సాంకేతిక సలహా ఇవ్వడం వ్యవసాయ విస్తరణ శాఖల పనిలో భాగం కావలసి ఉన్నది. 1947 నుండి రాజమండ్రిలో ఆ పంటపై పరిశోధన సాగుతున్నది. పంటకు ప్రత్యామ్నాయాలు వెదకినంత శ్రద్ధతో దాని కట్టడానికి ప్రత్యామ్నాయం వెదకిన దాఖలా మాత్రం అరుదు.

కట్టడం పని తీరిపోయిన చోటనే మార్పిడికి అర్థమున్నది. సేద్యం ఇంకా సాగుతున్న ఊరిలో కొట్టాన్ని ఇల్లు చేయడం లాభసాటిగా కనిపించినా నష్టమే. తెలంగాణలో గుమ్ములు, గరిసెలు, పాతరలు ఇప్పటికే పోయినవి. మిగిలిన కొట్టం కూడ పోతే రైతు కల్లంలోనే ధాన్యం అమ్ముకొనవలసి వస్తుంది. పంట చేతికి వచ్చిన వారాలలో ధర ఎట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు. ధాన్యాలలో కోత నుండి వినియోగం వరకు జరిగే నష్టం 4.65 నుండి 5.99 శాతం వరకు ఉన్నదని లుథియానాలోని కోతానంతర సాంకేతిక సంస్థ 2015 అధ్యయనం తేల్చినది. నిలువ వసతి తగ్గిన కొద్దీ ఆ అంకె తగ్గదు. కొట్టంతో పాటు పేడ పోతుంది, పేడతో పాటు పెంట పోతుంది. సేంద్రియ వ్యవసాయాన్ని గురించి సభలలో ఎంత చెప్పినా ఎరువు పుట్టే చోటును అద్దెకిచ్చిన తరువాత అది మాటలకే పరిమితమవుతుంది. నెలకు కొన్ని వేల అద్దె వచ్చే కొట్టాన్ని రెండు గేదెల కొరకు ఉంచుమని రైతుకు చెప్పడం సులభం కాదు. అయినప్పటికీ అద్దె లెక్కలో ఈ నష్టం ఎన్నడూ చేరదు గనుక దానిని లెక్క కట్టి చూపడం అవసరం.

చట్టం ఈ విషయంలో సగమే చూస్తున్నది. వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చడానికి 2006 నాటి చట్టం ఉన్నది. రుసుము కట్టవలెను, ఉత్తర్వు పొందవలెను. అది భూమిని గురించి అడుగుతుంది, దానిపై ఉన్న కట్టడం నిన్నటి దాకా ఏమై ఉన్నదని అడగదు. 2020 నాటి టీఎస్‌-బీపాస్‌ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకొనడానికి అనుమతి అక్కరలేదు, నమోదు చేసుకొంటే చాలును. పేదవానిని కార్యాలయాల చుట్టూ త్రిప్పకుండ చేసిన ఆ ఏర్పాటు మంచిదే. కాని కొట్టంలోని ఒక్కొక్క అంకణం ఆ కొలతలోనే ఇమిడిపోతుంది. తనిఖీ పేరున ఎవరూ రాని గదులివే. ఇక్కడ మరొక అనుమతిని సృష్టిస్తే అద్దెలు పెరుగుతాయి, లంచాలు పెరుగుతాయి, కుటుంబాలు మరింత హీనమైన చోటికి తరలిపోతాయి. అందుచేత నిషేధం కంటె సమాచారం మేలు. నమోదు పత్రంలో మూడు ప్రశ్నలు చేర్చవచ్చును. ఈ కట్టడంలో పూర్వం పశువులుండెనా, ధాన్యం లేక మందులు నిలువ చేయబడినవా, అదే కప్పు కింద ఇప్పటికీ నిలువ ఉన్నదా. మూడవ ప్రశ్నకు అవునన్న సమాధానం వచ్చిన చోట మాత్రం అధికారి వెళ్లి చూడవలెను.

మిగిలిన పనికి కొత్త సంస్థలు అక్కరలేదు. జల్‌పల్లికి ఒకవైపు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడనే జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ తన సాంకేతిక పార్కులో మట్టి ఇటుకల ఇళ్లను నమూనాగా కట్టి చూపుతున్నది. మరొకవైపు సంతోష్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నది. నేల పరీక్షా కేంద్రంలో రైతు తెచ్చిన మట్టికి లవణ సాంద్రత కొలిచే పరికరమే కొట్టం గోడకు కూడ సరిపోతుంది. ఒక పాలు మట్టికి రెండు పాళ్లు స్వేదనజలం కలిపి, కదిపి, తేరనిచ్చి విద్యుద్వాహకత చూస్తారు. గోడ నుండి నమూనా తీయవలసిన పద్ధతి మాత్రం వేరు. పొలంలోవలె అడ్డదిడ్డంగా తిరిగి కలిపిన మట్టి పనికిరాదు. నేల మట్టాన ఒకటి, మోకాలెత్తున ఒకటి, నడుమెత్తున ఒకటి, రొమ్మెత్తున ఒకటి చొప్పున, పైపూతను వదిలి, రెండంగుళాల లోతు నుండి వేరువేరుగా తీయవలెను. ఉప్పు గోడలో ఎంత ఎత్తుకు ఎక్కినదో ఆ నాలుగు అంకెలు చెబుతాయి. సిమెంటు పూయవలసినదో, సున్నం పూయవలసినదో, ఆ గోడను వదలి మరొక చోట గది కట్టుకొనవలసినదో దానిని బట్టి నిర్ణయించుకొనవచ్చును. నమూనాలను మృగశిర కార్తెకు ముందే, గోడ పూర్తిగా ఎండి ఉన్నప్పుడు తీయించడం మంచిది.